ఆ మధ్యాహ్నం నేను విన్న ఆభేరి

నేను ఒక మనిషి చేతిలోంచి వయొలిన్ తీసేశాను. లాక్కోలేదు. నాలుగు మాటలు అన్నాను, అంతే. ఆమే దాన్ని కింద పెట్టేసింది. అప్పుడు మా ఇద్దరికీ పదిహేడేళ్లు. ఇప్పుడు నా జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఈ సంగతి మా అమ్మకి చెప్పలేదు, మా ఆయనకి చెప్పలేదు. పిల్లలకి సంగీతం నేర్పి బతుకుతున్నదాన్ని, రోజూ వాళ్లతో ‘చెవి పెట్టి వినండి, విన్నది విన్నట్టు చెప్పండి’ అంటూనే దీన్ని లోపల మోస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. నా గురించి మీకేమీ తెలియదు కాబట్టే బహుశా మీ ముందు నోరు పెగులుతోంది.

ఆమెని షమీమ్ అని పిలుస్తాను. అసలు పేరు వేరు.

కావలిలో షమీమ్ వాళ్ల నాన్నకి మ్యాచింగ్ సెంటర్ ఉండేది. జాకెట్ గుడ్డలు, లంగా గుడ్డలు, చీర ఫాల్స్ అమ్మే చిన్న కొట్టు. పైన ఇల్లు. మాది అక్కడికి కాస్త దూరంలో వరి పండించే ఊరు. ఇంటర్ చదువుకి రోజూ బస్సెక్కి కావలి వచ్చేదాన్ని. కాలేజీ వదిలాక ఇద్దరం ఒకే మాస్టారి దగ్గర వయొలిన్ నేర్చుకునేవాళ్లం. షమీమ్ వాళ్ల తాత ఒకప్పుడు సన్నాయి వాయించేవాడట. ఆ చెవి షమీమ్‌కి వచ్చిందని మాస్టారు అనేవారు. నా గురించి అయితే, ‘ఈ పిల్ల కష్టపడుతుంది’ అనేవారు. రెండూ పొగడ్తలే. రెంటికీ తేడా మాత్రం నాకు బాగా తెలుసు.

షమీమ్ వాళ్లమ్మకి సంగీతం రాదు. కూతురు సాధన చేస్తుంటే అదే గదిలో ఒక మూల మిషన్ మీద జాకెట్లు కుట్టేది. బాగలేకపోతే తొక్కుతూనే ఉండేది. బాగుందంటే కాళ్లు ఆగిపోయేవి. మాస్టారు ఏమన్నా, అనకపోయినా, మిషన్ ఆగితేనే షమీమ్‌కి నమ్మకం. ‘ఈరోజు మా అమ్మ రెండుసార్లు ఆపింది మే’ అని మరుసటి రోజు కాలేజీలో మెరిసే కళ్లతో చెప్పేది.

ఆ ఏడాది తుపాను వానల్లో షమీమ్ వాళ్లమ్మకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. నెల్లూరు తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది, ఆమె దక్కలేదు.

షమీమ్ కొన్నాళ్లు వయొలిన్ ముట్టుకోలేదు. తర్వాత మళ్లీ పాఠానికి వచ్చింది. తల వంచుకుని వాయించేది. మధ్యలో ఆపి శృతిపెట్టె సౌండు పెంచేది, మళ్లీ తగ్గించేది. ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండేది. మేమంతా జాలిపడ్డాం. నేనూ పడ్డాను. అది మాత్రం అబద్ధం కాదు.

ఇంతలో నెల్లూరులో జిల్లా స్థాయి యువజనోత్సవాలు వచ్చాయి. మా క్లాసు నుంచి సోలో వయొలిన్‌కి ఒక్కరినే పంపాలి. షమీమ్ సిద్ధంగా ఉంటే షమీమ్, లేకపోతే నేను. మాస్టారు దాచకుండా అందరి ముందే చెప్పారు. ‘లేకపోతే నేను’ అనే ఆ మాట నా చెవిలో ఎన్ని రోజులు మోగిందో చెప్పలేను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం షమీమ్ నన్ను ఇంటికి పిలిచింది. కొట్టు మూసి వాళ్ల నాన్న నమాజుకి వెళ్లాడు. పైగదిలో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. నన్ను చాప మీద కూర్చోబెట్టి, శృతిపెట్టె పెట్టి, ఆభేరి రాగం ఆలాపన మొదలుపెట్టింది.

ఎలా వాయించిందో మీకు చెప్పాలి. ఇన్నేళ్లుగా నేను తప్పించుకున్నది ఇదే. తొందర లేదు. ఒక్కో స్వరం దగ్గర ఆగి, దాని లోపలికి వెళ్లి వస్తున్నట్టు వాయించింది. పైషడ్జం, ఆ పై ‘స’, చేరడానికి ఎంతో సేపు తీసుకుంది. చేరాక అక్కడ విల్లు కదులుతున్నట్టే లేదు. శృతిలో వెంట్రుకవాసి తేడా లేదు. మా మాస్టారు కూడా అలా వాయించగా నేను వినలేదు. నా చేతుల మీద రోమాలు లేచాయి. వాళ్లమ్మ ఉండి ఉంటే మిషన్ ఆపి ఏడ్చేది.

నాకు ఏడుపు రాలేదు. నాకు వచ్చింది ఇంకొకటి. ఇక నేను ఎంత సాధన చేసినా ఇక్కడికి రాలేనని అర్థమైంది. అంతకంటే నీచమైనది కూడా ఒకటి తోచింది, అది చెప్పకపోతే ఈ ఒప్పుకోలుకి అర్థం లేదు. ఆమె దుఃఖం మీద నాకు అసూయ కలిగింది. తల్లి పోవడం వల్ల ఆమెకేదో దొరికింది, మా అమ్మ బతికి ఉండటం వల్ల నాకది దొరకలేదు అనిపించింది. పదిహేడేళ్ల పిల్లకి అలాంటి ఆలోచన వస్తుందా? వచ్చింది.

విల్లు దించి నా వైపు చూసింది.

“నిజం చెప్పు మే. శృతి నిలబడతా ఉందా?”

“ఏమో షమీమ్...”

“ఏమో కాదు. నాకు తెలీడం లేదు. పెట్టె మోగతానే ఉంది, అయినా తెలీడం లేదు. అమ్మ ఉంటే నీదాకా ఎందుకు వస్తా? బాగలేకుంటే బాగలేదని చెప్పు, నేనేమీ అనుకోను.”

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. ఈ మాట మీరు నమ్మకపోయినా నేను తప్పుపట్టను.

“పైకి పోతే జారిపోతా ఉంది. అమ్మ పోయినప్పటి నుంచి అట్నే ఉంది. నీకు చెప్పలేక ఊరుకున్నా.”

“మరి మాస్టారు ఏమీ అనలేదే?”

“నీ మీద జాలితో అనడం లేదు.”

ఆమె విల్లు మర తిప్పి, దానికి బిగించిన వెంట్రుకలు వదులు చేసింది. వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేసింది.

“మంచిపని చేసినావు చెప్పి. నలుగురిలో నవ్వులపాలయ్యేదాన్ని,” అంది.

జారిపోతోందని అన్నది ఒక అబద్ధం. దాన్ని మాస్టారు ఒక్క మాటతో కొట్టేయగలిగేవారు. కానీ జాలి అన్నాను చూశారా, ఆ రెండో మాట ఆ దారి కూడా మూసేసింది. తర్వాత మాస్టారు స్వయంగా వాళ్లింటికి వెళ్లి, ‘నువ్వు బాగా వాయిస్తున్నావమ్మా, మానకు’ అని బతిమాలారు. ఆయన ఎంత మెచ్చుకుంటే ఆమెకి అంత జాలిలా వినిపించింది. నేను ఆ మాట ఎందుకన్నాను? ఆలోచించి అన్నానా, దానంతట అదే వచ్చిందా? ఇన్నేళ్లు తవ్వుకున్నా జవాబు దొరకలేదు. దానంతట అదే వచ్చిందంటే మరీ భయం. అంత పనికొచ్చే అబద్ధం నా లోపల తయారుగా ఉందన్నమాట.

మాస్టారు నన్ను కూడా పిలిచి, “నువ్వన్నా చెప్పమ్మా దానికి. నీ మాట వింటుంది,” అన్నారు. “చెప్తాను సార్,” అన్నాను. ఆ వయొలిన్ మాస్టారిది, నేర్చుకోవడానికి ఇచ్చినది. షమీమ్ దాన్ని తిరిగి ఇచ్చేయమంటే, ఆయనింటికి మోసుకెళ్లి ఇచ్చింది కూడా నేనే.

నెల్లూరులో నాకు ఏ బహుమతీ రాలేదు. అయితే అక్కడ నన్ను విన్న ఒకాయన సంగీతంలో డిప్లొమా చదవమని సలహా ఇచ్చాడు. చదివాను. నెల్లూరులోనే ఉద్యోగం, పెళ్లి, ఇంట్లో వయొలిన్ క్లాసులు. నా బతుకంతా ఆ శుక్రవారం మీద కట్టుకున్నదే. షమీమ్ డిగ్రీ సగంలో మానేసింది. పెళ్లయింది. నాన్న తర్వాత కొట్టు తనే చూసుకుంటోంది.

పోయిన ఏడాది ఒక పెళ్లికి కావలి వెళ్లి, జాకెట్ గుడ్డ వంకతో ఆ కొట్టుకి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? ఆమె బాగానే ఉందని చూసుకుని ఊరట పడదామనే. నన్ను చూసి ఎంత సంతోషపడిందో! టీ తెప్పించింది. ఆమె కూతురు, తొమ్మిదేళ్లుంటాయి, బల్ల కింద కూర్చుని ఏదో కూనిరాగం తీస్తోంది. గొంతు స్వరం మీద సూటిగా నిలుస్తోంది. నేను వయొలిన్ నేర్పుతానని విని లేచి వచ్చి, ‘ఆంటీ, నాకు నేర్పిస్తారా?’ అని అడిగింది.

షమీమ్ నవ్వింది. “ఊరుకోవే. మనింట్లో శృతి నిలవదు. నాకు ఆ నిజం చెప్పింది ఈ ఆంటీనే. వేరేవాళ్లయితే ముఖస్తుతి చేసుండేవాళ్లు,” అంది.

పాప మళ్లీ బల్ల కిందికి వెళ్లిపోయింది. ఈసారి పాడలేదు. నేను టీ తాగాను. అవును, పూర్తిగా తాగి, గుడ్డ తీసుకుని వచ్చేశాను. చిన్నప్పుడు చేసినదానికి వయసు అని పేరు పెట్టుకున్నాను. పోయిన ఏడాది ఆ కొట్లో చేసినదానికి ఏ పేరు పెట్టను?

ఈ వేసవిలో నా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయి, ‘మేడమ్, ఇది మీరు చూడాల్సిందే’ అని ఒక జపాన్ బొమ్మల సీరియల్ చూపించింది. సంగీతం నేర్చుకునే బడిపిల్లల కథ. బొమ్మలే కదా అని కూర్చున్నాను. అందులో ఒక పిల్ల అన్న చనిపోతాడు. ఆమె సెల్లో, అంటే వయొలిన్ లాంటి పెద్ద వాద్యం, వాయించడం మానేస్తుంది. చాలా రోజుల తర్వాత, అదే చోటుకి తనతో పోటీపడుతున్న స్నేహితురాలి ముందు వణుకుతూ వాయించి, ఎలా ఉందని అడుగుతుంది. ఆ స్నేహితురాలు ఏడుస్తూ, ‘నాకంటే బాగుంది’ అంటుంది. అంతే. ఆ స్నేహితురాలి నోట ఆ మాట రావడానికి ఎంతసేపు పట్టిందని! నేను లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి నిలబడ్డాను. ‘మేడమ్, ఏడుస్తున్నారా?’ అని ఆ అమ్మాయి సంబరపడింది, సీరియల్ నచ్చిందనుకుని.

పోయిన వారం కావలి బస్సెక్కాను.

కొట్లో బేరాలు లేని సమయం చూసి చెప్పాను. ముందుగా అనుకున్న మాటలేవీ రాలేదు. “ఆరోజు నువ్వు శృతి తప్పలేదు షమీమ్. నేను అబద్ధం చెప్పినా. మాస్టారిది జాలి కూడా కాదు,” అన్నాను. ఆమె చేతిలో ఒక గుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టింది. సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది. తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

తల ఎత్తకుండానే అడిగింది.

“ఎంత బాగుంది?”

దీనికి నేను సిద్ధంగా లేను. “ఇన్నేళ్లలో నేను విన్నవాటిలో అంతకన్నా మంచిది లేదు,” అని మాత్రం చెప్పగలిగాను.

ఆమె ముఖం చూసే ధైర్యం చేసి చూశాను. కోపం కనిపించలేదు. చనిపోయారనుకున్నవాళ్లు నిన్నటిదాకా బతికే ఉన్నారని ఇప్పుడు తెలిసినట్టు చూస్తోంది.

“సరే. ఇంక పో,” అంది.

వచ్చేశాను. ఆమె నుంచి ఫోన్ రాలేదు. వస్తుందని ఎదురుచూసే హక్కు నాకు లేదు. పాపకి వయొలిన్ నేర్పిస్తుందో లేదో తెలియదు, నేర్పించినా నా దగ్గర కాదు. క్షమించమని అడగలేదు, అడిగితే ఆ భారం కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుందనిపించింది. చెప్పి ఆమెకి మేలు చేశానో, రెండోసారి గాయపరిచానో, అదీ తెలియదు.

ఒక్కటి మాత్రం తెలుసు. ఆరోజు ఆమె అలా వాయించిందన్న సంగతి ఇన్నేళ్లూ ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు ఆమెకీ తెలుసు, మీకూ తెలుసు. ఇది రాస్తున్నంతసేపూ నా చెయ్యి ఎక్కడా ఆగలేదు.