కోటేశ్వరమ్మ డబ్బా చేప

చీరాల జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే అనంతపద్మనాభానికి యాభయ్యో ఏట సముద్రం మీద మనసు పుట్టింది. ఆటో ఎక్కితే వాడరేవు. అయినా ఆయనకు సముద్రం తన హాల్లోనే కావాల్సి వచ్చింది. మార్టూరు నుంచి గ్రానైట్ పలకలు తెప్పించి దిమ్మ కట్టించి, దాని మీద బీరువాని పడుకోబెట్టినంత గాజు తొట్టె పెట్టించాడు. వాడరేవు నుంచి డ్రమ్ముల్లో ఉప్పునీళ్ళు, చెన్నై నుంచి రంగురంగుల చేపలు దిగాయి.

ఆయన భార్య కోటేశ్వరమ్మది గట్టి మడి. ఉల్లిపాయ తొక్క గాలికి కొట్టుకొచ్చినా వాకిలి కడిగే రకం.

"చేపల్ని చూస్తూ కూర్చోండి, నాకేం? రొయ్య మాత్రం ఈ గడపలో కాలు పెట్టిందా, నేను పుట్టింటికి పోతా" అంది.

"రొయ్యకి బోలెడు కాళ్ళే. ఏ కాలు పెడితే వెళ్తావు?" అన్నాడాయన.

ఆ చేపల్లో ఒకటి బాక్స్‌ఫిష్. పేరుకు తగ్గట్టు చిన్న డబ్బాలా ఉంటుంది. పసుప్పచ్చటి ఒంటి మీద నల్లచుక్కలు, పులిహోర ముద్దలో ఆవాల్లాగా. ఒళ్ళంతా గట్టి పెంకు, బుల్లి రెక్కలు, ముద్దుకు సిద్ధంగా పెట్టుకున్న మూతి.

"దీన్ని బెదిరిస్తే నీళ్ళలోకి విషం వదుల్తుంది. తొట్టెలో చేపలన్నీ చస్తాయి" అని, ఆ విషమేదో తన ప్రతిభ అన్నట్టు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

వేసవిలో ఇంటర్ పేపర్లు దిద్దడానికి ఒంగోలు పోతూ, చేపలకు రొయ్య ముక్కలు మేతగా వేసే పని బతిమాలి ఆవిడకు అంటగట్టాడు. రొయ్యలమ్మే సైదాబీ పెరటి గుమ్మంలోకొచ్చి గట్టిగా కేకేసింది.

"ఏందమ్మా, పంతులుగారు ఊళ్ళో లేకపోయినా రొయ్యలు కావాలన్నారంట?"

"మెల్లగా అనవే, వీధంతా వింటుంది!"

వీధి అప్పటికే వింది.

కోటేశ్వరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పట్టకారుతో రొయ్య ముక్కలు జారవిడిచింది. మిగతా చేపలు ఎగబడి లాక్కుపోయాయి. డబ్బా చేప నింపాదిగా తిరిగి, ఊగుతూ వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. మెట్టినింట చిన్న కోడలిగా ఆఖరి పంక్తిలో కూర్చుంటే గారెల గిన్నె ఖాళీగా వచ్చిన రోజులు ఆవిడకు గుర్తొచ్చాయి.

"నీ మొహం మండ! ఇంత నెమ్మదైతే ఎట్లా బతుకుతావే?" అంటూ రొయ్య ముక్క వేళ్ళతో పట్టుకుని నీళ్ళలో చెయ్యి పెట్టింది. అది వేళ్ళ మధ్య నుంచే తింది. ఆ పూట ఆవిడ తలస్నానం చేసింది. మర్నాడు చేతులు మాత్రం కడుక్కుంది. ఆయన ఒంగోలు నుంచి వచ్చేసరికి కొంగుకు తుడుచుకుంటోంది. మేత ఆలస్యమైతే అది పైకొచ్చి ఆవిడ మొహాన నీళ్ళు ఉమ్మేది. ఈవిడ అంతకంత తిట్టేది.

తిరిగొచ్చిన పద్మనాభం నలుగుర్నీ పిలిచి సముద్రుడికి పూజ పెట్టించాడు. పౌరోహిత్యానికి బావమరిది ఆత్రేయ దిగాడు. ఆయన మంత్రాల కంటే గంట మీద ఎక్కువ ఆధారపడే పురోహితుడు. గాజుకు ఆనించినంత దగ్గరగా గణగణా వాయించి, గుప్పెడు అక్షింతలు తొట్టెలోకే విసిరాడు.

"నీళ్ళు పాడవుతాయి ఆత్రేయా!" అని పద్మనాభం వల తీసుకుని అక్షింతల వెంట పడ్డాడు. వల పోయిపోయి డబ్బా చేపను మూలకు తరిమింది. అతిథులు ప్రసాదం అందుకుంటుండగానే ఒక్కో చేపా వెల్లకిలా తేలడం మొదలుపెట్టింది.

"విషం... విషం వదిలింది" అంటూ పద్మనాభం వల పట్టుకుని తొట్టె చుట్టూ తిరిగాడు.

కోటేశ్వరమ్మ వంటింట్లోకి పరిగెత్తి, చేతికందిన మడి బిందె తెచ్చి, డబ్బా చేపను ముంచి తీసి, పెరట్లో కొత్త ఉప్పునీళ్ళ డ్రమ్ములో వదిలింది.

"అక్కా, అది మడి బిందె!" అన్నాడు ఆత్రేయ.

"నీ గంట కంటే నయంలేరా. పక్కకు జరుగు."

మిగతావన్నీ పోయాయి. అదొక్కటే బతికింది. కోటేశ్వరమ్మ తొట్టె కడిగించి, కొత్త నీళ్ళు నింపించి, దాన్నొక్కదాన్నే అందులో ఉంచింది. కొత్త చేపలు తెస్తానని ఆయన గొణిగితే, "దాని పంక్తిలోకి ఇంకెవర్నీ రానివ్వను" అంది.

అది పెద్దదైంది. పసుపు వెలిసిపోయింది, ముక్కు బండబారింది. అందం పోయిందని ఎవరైనా అంటే, "ఇప్పుడు దానికేమన్నా పెళ్ళిచూపులా?" అనేది.

ఆత్రేయ కూతురు పెళ్ళికి మంగళగిరి వెళ్ళి, అప్పగింతలు కాకుండానే బస్సెక్కేసింది. ఇంట్లో చంటిది ఆకలికి ఆగదని చెప్పిందట. ఈ వయసులో చంటిదేమిటా అని మగపెళ్ళివారు చాలాసేపు గుసగుసలాడుకున్నారు.