బొంత కప్పుకున్న కుండ

నా చిన్నప్పుడు మా గోపన్‌పల్లి ఇంకా ఊరే. ఇప్పుడు మా వాకిట్లో నిలబడి తల ఎత్తితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి గానీ, అప్పుడు ఉన్నవి బండరాళ్ళు, జొన్న చేలు, నడుమ ఒక వాగు. ఆ వాగు పొంగిందంటే మేము ఇటు, లోకమంతా అటు. నేను చెప్పబోయేది అలాంటి ఒక రోజు సంగతి. ఆ రోజు నేర్చుకున్నది లాక్‌డౌన్‌లో ఎంత పనికొచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాదు. అందుకే రెండూ కలిపి చెప్తాను.

ముసురు పట్టి మూడో రోజు. అమ్మా నాన్నా చందానగర్ వైపు కూలికి వెళ్ళి వాగు అవతల చిక్కుకుపోయారు. ఇంట్లో మా నాయనమ్మ, ఐదుగురు పిల్లలం. నేను మూడోదాన్ని, ఏడేళ్ళుంటాయేమో. గాదెలో జొన్నలు ఉన్నాయి, విసుర్రాయి ఉంది, విసరడానికి మా నాయనమ్మ చేతులూ ఉన్నాయి. లేనిదల్లా మంట. కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఊదీ ఊదీ మా అన్న కళ్ళు ఎర్రబడ్డాయి తప్ప పొయ్యిలో పొగే గానీ నిప్పు లేదు. అటక మీద పొడిగా మిగిలినవి నాలుగంటే నాలుగు పిడకలు. గట్క, అంటే జొన్న రవ్వను అన్నంలా మెత్తగా ఉడికించేది, చేయాలంటే దానికి రెండింతలైనా కావాలి.

మా నాయనమ్మ మూడు పిడకలు అంటించింది. కుండలో ఎసరు మరిగింది, రవ్వ పోసింది, కుతకుతమని ఒక్క ఉడుకు వచ్చింది. అంతే, దించేసింది! మేమంతా లబోదిబోమన్నాం. ఆమె మా ఏడుపు పట్టించుకోలేదు. కుండ మీద మూకుడు బోర్లించి, అంచు చుట్టూ పిండి మెత్తింది. పెద్ద గంపలో ఎండుగడ్డి కుక్కి, నడుమ కుండను కూర్చోబెట్టి, పైన ఇంకా గడ్డి, దాని మీద బొంత, ఆ బొంత మీద ఇంకో బొంత. చివరికి చెవుల దాకా కప్పుకుని మూలన కూర్చున్న మనిషిలా తయారైంది ఆ గంప.

"ష్... ఇది బాలింత," అంది మా నాయనమ్మ, గొంతు తగ్గించి. "గాలి సోకొద్దు. ఎవలన్న తొంగి చూస్తే సలి పెడ్తది."

ఏడుస్తున్నవాళ్ళం కాస్తా కిసుక్కున నవ్వాం. పక్కింటి అక్క ఆ నెలలోనే ప్రసవించింది. తలుపుకు దుప్పటి అడ్డం కట్టి, లోపల సాంబ్రాణి పొగ వేసి, పిల్లలెవరినీ ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. కాబట్టి బాలింత అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. ఇక మేము గంప పక్కన గుసగుసగా మాట్లాడడం, మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టాం. ఆకలి కొంచెంసేపు ఆటయిపోయింది.

కానీ నేను ఆగలేకపోయాను. నాయనమ్మ పెరట్లో వాననీళ్ళు పడుతుండగా బొంతలు తొలగించాను, గడ్డి తీశాను, మూకుడు ఎత్తాను. ఒక తెల్లటి ఆవిరి ముద్ద నా మొహం మీదుగా పైకి లేచి కప్పులోకి వెళ్ళిపోయింది. ఎంత బాగుందో! ఒక చిటికెడు తీసి నోట్లో వేసుకుంటే కరకరలాడింది. గబగబా మూకుడు పెట్టి అన్నీ కప్పేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

కాసేపటికి మా నాయనమ్మ వచ్చి బొంత మీద అరచేయి ఆనించింది. అంతే, ఆమెకు తెలిసిపోయింది.

"ఎవలు తీసిన్రు?"

నలుగురూ నా వైపు చూశారు. రాత్రికి అందరూ పస్తే, అదీ నా మూలంగా. వీపు మీద పడబోయే దెబ్బ కోసం కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఎంతకీ పడదే! కళ్ళు తెరిచి చూస్తే ఆమె నాలుగో పిడకను చిన్న చిన్న ముక్కలుగా విరుస్తోంది.

"నాకు ముందుగాలనే ఎర్క, ఎవలో ఒకలు తీస్తరని," అంది నవ్వుతూ. "గందుకే ఒకటి దాసిన. ఇగ నువ్వే కూసో దీనికాడ. ఎవలొచ్చినా కేకెయ్యి."

మళ్ళీ ఒక్క ఉడుకు, మళ్ళీ పిండి, గడ్డి, బొంతలు. ఈసారి కాపలా నేను. మా అన్న "బాలింతకు మంత్రసాని దొరికిందిరో!" అని ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడు! ఆ గంపను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను, పొద్దు వాలేదాకా కదల్లేదు. బొంతలు తీసినప్పుడు గట్క ఒక్కో పలుకూ విచ్చుకుని, పొగలు కక్కుతూ, వేలు పెడితే కాలేటంత వేడిగా ఉంది. ఉప్పూ పచ్చి ఉల్లిగడ్డా నంజుకుని తిన్నాం. నాకు ఒక ముద్ద ఎక్కువే పెట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా రేకుల గదులు మూడింటిలోనూ కిరాయికి పనివాళ్ళే ఉన్నారు. చివరి గదిలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక జంట. అతను సెంట్రింగ్ పని చేసేవాడు, పెళ్ళాం చిన్నపిల్ల, కడుపుతో ఎనిమిదో నెల. సైటుకు తాళం పడింది. బియ్యానికి లోటు లేదు, సర్కారు బియ్యం అందింది. వాళ్ళ చిన్న సిలిండర్ మాత్రం అయిపోయింది, కిలోల లెక్కన గ్యాస్ నింపే దుకాణం మూసేశారు. గది నిండా బియ్యం, వండుకోవడానికి దారి లేదు. రెండు రోజులు నానేసిన అటుకులతో గడిపి, మూడో రోజు అతను బియ్యం మూట మా గడప దగ్గర పెట్టాడు.

"పెద్దమ్మా, రేపు తెల్లారంగ ఎల్తం. ఈ బియ్యం నువ్వు ఉంచుకో."

"ఎల్తరా? ఏమెక్కి?"

"కాళ్ళు లేవా?"

"నీకున్నయ్ బిడ్డా. దాని కాళ్ళు చూసినవా? బూరెల లెక్క పొంగినయ్."

అతను చూడలేదు. చూస్తే ఆగిపోతానని అతనికీ తెలుసు. "ఆడికి పోతె మా అమ్మ కట్టెల పొయ్యి మీద ఇంత వండిపెడ్తది. ఈడ ఏముంది? పచ్చి బియ్యం బుక్కుమంటవా?" అన్నాడు.

ఎండలు ముదిరాయి. నడిస్తే మూడు నాలుగు రోజుల దారి. ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి నా వైపే చూస్తోంది. మా ఇంట్లో ఉన్నది సగం అయిపోయిన సిలిండర్ ఒక్కటే, బుక్ చేసింది ఎప్పుడొస్తుందో తెలియదు. మిగతా రెండు గదుల్లోనూ గ్యాస్ అయిపోవచ్చింది, నాతో కలిపి పదకొండు మందిమి. అందరికీ మామూలుగా వండితే నాలుగైదు రోజులకే ఖాళీ. ఏం చేయాలి, ఏం చేయాలి అనుకుంటుంటే, ఎన్నో ఏళ్ళుగా గుర్తుకు రాని ఆ గంప ఒక్కసారిగా కళ్ళ ముందు వచ్చి కూర్చుంది!

"నా గ్యాస్ మీద ఐదు నిమిషాలు. మిగిలింది బొంత వండుతది. రేపు పగటాల్ల, బువ్వ యాళ దాక జర ఆగు. ఉడకకపోతే నేనే సద్ది కట్టి పంపిస్త."

"అన్నమే ఉడకకపోతే సద్దేం కడ్తవ్ పెద్దమ్మా? గీ లాక్‌డౌన్ల నీకు తిక్క లేసినట్టుంది," అన్నాడు. అన్నాడే గానీ, ఆగాడు.

మర్నాడు వాకిట్లో చాప పరిచి, ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చాను. గోడ అవతలి అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు బాల్కనీ సరిగ్గా మా వాకిలి మీదికే. అక్కడ ఉండే మేడమ్ కోస్తా వాళ్ళు, సాఫ్ట్‌వేర్ పని, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని విసుగెత్తిపోయి ఉంది.

"మామ్మగారూ, ఏం చేస్తున్నారండీ? గిన్నెకి జ్వరమా?" అని అడిగింది.

సంగతి చెప్పాను. ఆమె లోపలికి పరుగెత్తి ఒక పెద్ద థర్మాకోల్ డబ్బా తెచ్చి, తాడు కట్టి కిందికి దించింది. "బొంతతో సహా ఇందులో పెట్టండి. ఐసు కరక్కుండా ఉంచే డబ్బా వేడిని మాత్రం పోనిస్తుందా అండీ?" అంది. చదువుకున్నవాళ్ళ తెలివే వేరు, మా నాయనమ్మకు దొరకని గంప అది! పైగా ఫోన్‌లో గంటకు అలారం పెట్టింది, కాపలా తానే ఉంటానంది.

అన్నం ఒక్క ఉడుకు రానిచ్చి దించాను. ఆ పూటకు ఏడు నిమిషాల గ్యాస్ అనుకున్నాను, ఐదుకే ఆపాను. ఎందుకో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. గిన్నెను బొంతలో చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించి, పప్పు సంగతి చూద్దామని లోపలికి వెళ్ళాను. పావుగంట గడిచిందో లేదో, పైనుంచి కేక.

"అయ్యో, అయ్యో! తీసేసిందండీ! మామ్మగారూ, మూత తీసేసిందండీ!"

బయటికి వచ్చేసరికి ఆ పిల్ల గరిటె పట్టుకుని, ఆవిరిలో మొహం పెట్టి నిలబడి ఉంది. నోట్లో నాలుగు మెతుకులు. మొగుడు గదిలోంచి దూకినట్టే వచ్చాడు.

"గంట ఓపిక లేదా నీకు? గిన్నెడు బియ్యం పాడు జేసినవ్! ఇగ నడువ్, కట్టు మూట!"

"వాసనొచ్చింది పెద్దమ్మా... మూడు రోజులైంది అన్నం వాసన చూడక," అంటూ ఆ పిల్ల ఏడ్చేసింది. అతను నిజంగానే లోపలికి వెళ్ళి మూట తెచ్చి భుజాన వేసుకున్నాడు.

నాకేమో నవ్వు ఆగదే! పెద్ద పొరపాటు చేశానని ఏడుస్తున్న మనిషి ముందు నవ్వకూడదు, నాకూ తెలుసు. కానీ ఆ పిల్ల మొహంలో నేను చూస్తున్నది ఏడేళ్ళ నన్నే. గిన్నె తీసుకెళ్ళి స్టవ్ మీద పెట్టాను. మిగిల్చిన రెండు నిమిషాలు అప్పుడు ఖర్చు చేశాను. "ఎవలో ఒకలు తీస్తరని నాకు ముందే ఎర్క," అన్నాను. మళ్ళీ చుట్టి, మళ్ళీ మూత బిగించి, ఆ డబ్బా పక్కన ఆ పిల్లను కూర్చోబెట్టి, ముసురు పట్టిన ఆ రోజు కథంతా మొదలుపెట్టాను. గదుల్లోవాళ్ళు గడపల దగ్గరికి వచ్చి ఎవరి దూరంలో వాళ్ళు కూర్చున్నారు. మేడమ్ అలారం మళ్ళీ మొదటి నుంచి పెట్టి, బాల్కనీ కమ్ముల మీద గడ్డం ఆనించి విన్నది. అతను మాత్రం మూట ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మంత్రసాని మాట దగ్గర అతని భుజాలు కదిలాయి, నవ్వినట్టున్నాడు.

అలారం మోగింది. అబ్బ, అప్పుడు మా వాకిలి చూడాలి! పదకొండు మందిమీ లేచి నిలబడ్డాం. "ఉడికిందా అండీ? చెప్పరేం, ఉడికిందా?" అని మేడమ్ పైనుంచి ఒకటే గోల. మూత తీశాను. ఆవిరి. అతనే ముందుకొచ్చి ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. ఇంకోటి నలిపాడు. మూడోది నోట్లో వేసుకున్నాడు. మూట తీసుకుని గదిలోకి వెళ్ళి, పళ్ళేలు రెండు పట్టుకుని తిరిగి వచ్చాడు. అన్నం బాగా ఉడికిందని అంతకంటే పెద్ద మాట ఎవరు చెప్పగలరు?

మర్నాటి నుంచి నాలుగు ఇళ్ళ గిన్నెలూ వంతులవారీగా నా స్టవ్ మీదికి వచ్చాయి. ఒక్కొక్కరికీ ఒక్క ఉడుకు. నిప్పు అక్కర్లేని పచ్చిపులుసు కలుపుకునేవాళ్ళం. పెసలు నానబెట్టి మొలకలు తినేవాళ్ళం. రోడ్డు మీద జనం దుకాణాల ముందు తోసుకుంటున్నారని ఫోన్లలో చూసి భయపడేవాళ్ళకు, మా వాకిట్లో ఒకళ్ళ పప్పు మరొకళ్ళ బొంతలో ఉడకడం చూస్తే ఆ భయం పోయేది. తక్కువతో బతకడం అలవాటైతే చేతికి పని దొరుకుతుంది, పరేషాన్ కావడానికి తీరిక దొరకదు. బుక్ చేసిన సిలిండర్ వచ్చేదాకా ఆ సగం సిలిండరే మమ్మల్ని నడిపించింది. ఆ పిల్ల నెలలు నిండాక, అంబులెన్సులో దవాఖానకు వెళ్ళి ఆడపిల్లను కన్నది. బస్సులు తిరిగాక ముగ్గురూ వాళ్ళ ఊరికి కూర్చునే వెళ్ళారు, నడిచి కాదు.

పొదుపంటే కడుపు మాడ్చుకోవడమని చాలామంది అనుకుంటారు. నేనూ ఆ నాలుగో పిడకను చూసేదాకా అలాగే అనుకుని ఉంటాను. దాచినది మన కోసమే అయితే అది పిసినారితనం దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్నవాళ్ళు తప్పు చేసినప్పుడు వాళ్ళను తిట్టకుండా ఉండడానికి మన దగ్గర ఏదో ఒకటి మిగిలి ఉండాలి. చేతిలో ఏమీ లేనప్పుడే నోరు లేస్తుంది. అందుకే ఇప్పటికీ వంటకు కూర్చుంటే, తినేవాళ్ళను లెక్కపెట్టుకున్నాక ఒక్కరిని అదనంగా వేసుకుంటాను, పాడు చేసేవాళ్ళ కోసం. వాళ్ళెవరో ముందుగా తెలియదు. ఈ మధ్య చాలాసార్లు అది నేనే.