పొయ్యి అడిగితే ఏప్రాన్లు

బడిలో మధ్యాహ్న భోజనం వండే మాకు కట్టెల పొగతో కళ్లు మండిపోయేవి. గ్యాస్ పొయ్యి కోసం యూనియన్ తరఫున వరంగల్‌లోని విద్యాశాఖ ఆఫీసుకు చర్చలకు వెళ్లాం.

"ఒక్కటే అడిగితే ఏదీ ఇయ్యరక్కా. పది రాద్దాం. తొమ్మిది కొట్టేసినా పొయ్యి మిగుల్తది," అన్నాడు మా యూనియన్ నాయకుడు. మిర్చి బేరంలా ఉందే అనుకుని, కాగితంలో పొయ్యి కింద ఏప్రాన్లు, టోపీలు, వంటగదికి సున్నం, ఇలా పదీ రాయించాం.

అధికారి కాగితమంతా చదివి, టీ తెప్పించి, పెద్ద మనసుతో ఏప్రాన్లు మంజూరు చేశారు. ఫొటో కూడా తీయించారు.

"గెలిచినం, ఒప్పందం మీద సంతకం పెట్టక్కా," అన్నాడు నాయకుడు.

"ఏప్రాన్ కండ్లకు కట్టుకోవాల్నా తమ్మీ?" అని అధికారి వైపు తిరిగాను. "సారూ, జర ఒక్కపూట మా పొయ్యి కాడ కూసోండ్రి. అన్నం ఉడికేదాంక కూసుంటే అప్పుడు పెడ్త సంతకం."

ఆయనకు వెంటనే ఇంకో మీటింగు గుర్తొచ్చింది. మేం సంతకం పెట్టకుండానే లేచాం.