శ్రద్ధాంజలికి నవ్వే అక్షరాలు

నేను గీసిన తెలుగు ఫాంట్‌లో ఏ అక్షరమూ బుద్ధిగా నిలబడదు. తలకట్లు పక్కకు ఒరిగిన టోపీల్లా ఉంటాయి. ‘అ’కి బొజ్జ, ‘ఐ’కి కాస్త తోక. అన్నీ కాగితం మీద చేత్తో గీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, పూర్తిచేసేసరికి రెండేళ్లు పట్టింది. శామీర్‌పేటలో మా ఇంటి దగ్గరి ఫ్లెక్సీ షాపతనికి మొదట ఇచ్చాను. జ్యూస్ బండ్లకు, పుట్టినరోజు ఫ్లెక్సీలకు వాడుకోమన్నాను. రోడ్డు మీద అవి కనబడినప్పుడల్లా నా స్కూటీ నెమ్మదించేది.

ఒక పొద్దున అలియాబాద్ వెళ్తూ, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూసి ఆగిపోయాను. నెరిసిన మీసాల పెద్దాయన ఫొటో. దాని కింద, గంతులేస్తున్న నా అక్షరాల్లో ‘శ్రద్ధాంజలి’. పైగా ‘ద్ధ’లో ఒత్తు పై అక్షరంలోకి చొచ్చుకుపోయి ముద్దలా తయారైంది. ఆ మాట ఈ ఫాంట్‌లో ఎవరైనా రాస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. ‘ఐస్‌క్రీమ్’, ‘పుట్టినరోజు’ లాంటివే రాసి చూసుకున్నాను.

సిగ్గేసింది. షాపుకెళ్లి అడిగితే, ఆ ఇంటివాళ్లే కోరుకున్నారన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మామూలు అక్షరాలతో ఇంకోటి నేనే వేయించి ఇద్దామని వాళ్ల ఇల్లు కనుక్కుని వెళ్లాను.

పోయిన పెద్దాయన చెరువులో చేపలు పట్టి, బండి మీద ఊరూరా తిరిగి అమ్మేవాడట. ఆయన భార్య వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొరపాటు జరిగిందని, మార్పిస్తానని చెప్పాను. పక్కనే ఉన్న కొడుకు, షాపులో తనూ అదే మొత్తుకున్నానని, తల్లి వినలేదని అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నాకు సదువు రాదు బిడ్డా. షాపుల గోడకు మస్తు తీర్ల రాతలున్నయి. గిదొక్కటే నవ్వుతున్నట్టు అనిపిచ్చింది. మా ఆయన ఏడుపు ముఖం ఎవ్వలకు సూపియ్యలే. శాపలు కొననోళ్లను గూడ నవ్విచ్చి పోయేటోడు. గిదే ఉండనీ.”

అలాగేనన్నాను, కానీ ఆ ముద్దను మాత్రం సరిచేయాలనుకున్నాను. ఇంటికొచ్చి ‘ద్ధ’ మళ్లీ గీయడానికి కూర్చున్నాను. ఒత్తును కిందికి జరిపితే తెగి పడినట్టుంది, చిన్నది చేస్తే కనబడలేదు. మూడో రోజు, పైనున్న ‘ద’ అడుగును కాస్త పైకి వంచితే రెండూ సర్దుకున్నాయి. కొత్త ఫ్లెక్సీ వేయించి దశదిన కర్మకు తీసుకెళ్లాను. కొడుకు విప్పి పట్టుకుని, చాలాసేపు చూసి, అచ్చం మా నాయిన లెక్కనే ఉందన్నాడు.

బయల్దేరుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“నా పేరు గూడ రాయి బిడ్డా. ఎట్లుంటదో సూస్త.”

పేరడిగి, సంచిలోంచి కాగితం తీసి అదే తీరులో పెద్దగా రాసిచ్చాను. ఏ కొస నుంచి మొదలవుతుందని అడిగింది. చూపించాను. ఆమె మొదటి అక్షరం మీద వేలు పెట్టి, మెల్లగా చివరిదాకా దిద్దుకుంటూ పోయి, మళ్లీ మొదటికి వచ్చింది.