తక్కెడమ్మ ఇంటి చెత్త

మా వీధిలో ఒకావిడ మూడేళ్ళపాటు ఇంట్లోంచి చెత్త బయట వేయలేదు. మూడేళ్ళ చెత్తా కలిపి ఒక్క అగ్గిపెట్టెలో పట్టింది. అందులో ఇంకా రెండు పుల్లలకి చోటు మిగిలింది కూడా.

సరే, అలా చూడకండి. అగ్గిపెట్టె కాదు, చెప్పుల పెట్టె. మూడేళ్ళు కూడా కాదనుకోండి, చెత్త బయటికి బాగానే వెళ్ళేదనుకోండి. కానీ ఆవిడ రోజూ పొద్దున్నే చెత్తబుట్టని తక్కెడలో పెట్టి తూచేదన్న మాటలో మాత్రం ఈకంత కల్పన లేదు. అందుకే ఆవిడకి తక్కెడమ్మ అని పేరు.

తక్కెడమ్మది విత్తనాల గోదాములో గేటు దగ్గర తూకం పని. లారీ దిగిన ప్రతి బస్తా ఆవిడ తక్కెడ ఎక్కి దిగాకే లోపలికి వెళ్ళేది. బస్తా చెవి పట్టుకుని కాస్త ఎత్తి, "ఇది తక్కువుంది" అందంటే ఇక ముల్లు చూడక్కర్లేదు. చేతిమీద ఈగ వాలితే అది ఆడదో మగదో బరువుని బట్టి చెప్పేస్తుందని ఒక హమాలీ ఊరంతా చాటాడు. అది కొంచెం ఎక్కువే.

ఒక ఏడాది గోదాములో సరుకు తగ్గింది. ఎలకలు తిన్నాయో మనుషులు తిన్నారో ఎవరూ ఆరా తీయలేదు. గేటు దగ్గర కూర్చున్న మనిషి కళ్ళెదుట ఉంది కాబట్టి ఆవిడే దొంగతూకం వేసిందన్నారు. పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత గోదాములోకి మీటలు నొక్కే మిషను వచ్చింది. పాత తక్కెడని పాత ఇనుములోకి తోసేస్తుంటే తక్కెడమ్మ వెళ్ళి అడిగి, తోపుడుబండి మీద పెట్టించుకుని ఇంటికి తెచ్చుకుంది. పెరటి గుమ్మం దగ్గర దూలానికి వేలాడదీసి, కొన్నాళ్ళు దాని ఎదురుగా ఊరికే కూర్చుంది. తర్వాత బియ్యం డబ్బా తూచింది. ఇస్త్రీపెట్టె తూచింది. అత్తగారి చేతికర్ర తూచింది.

"ఒరేయ్," అంది అత్తగారు కొడుకుతో, "మీ ఆవిడ ఏదో ఒకరోజు నన్నూ తూచి, ఎక్కువున్నానని బయట పెడుతుంది."

కొడుకు నవ్వి ఊరుకున్నాడు. ఆయన తాళాలు బాగుచేస్తాడు. బజారు మేడమెట్ల కింద తలుపంత వెడల్పు దుకాణం ఆయనది. నిలబడితే నెత్తి మెట్టుకి తగులుతుంది, కూర్చుంటే మోకాళ్ళు రోడ్డుమీద ఉంటాయి. ఎవరి తాళమైనా తెరవగలడు గానీ ఇంట్లో ఎవరినీ నోరు తెరిచి ఒక్క మాట అనలేడు.

తూచడానికి ఇంకేమీ మిగలక తక్కెడమ్మ చెత్తబుట్ట తూచింది. తూచి, అలాగే నిలబడిపోయింది.

"ఏమండీ, మనం మోసుకొచ్చే దాంట్లో ఇంత బరువు మళ్ళీ బయటికే పోతోందా?"

ఆ పూట నుంచి ఆ ఇంటికి కొత్త రాజ్యాంగం వచ్చింది. ఒక పళ్ళెంలో బుట్ట, ఎదుటి పళ్ళెంలో రాయి. బుట్ట పైకి లేస్తే ఇల్లు గెలిచినట్టు. మొదటి రాయి రుబ్బురోలు పొత్రం. కొన్నాళ్ళు వరసగా గెలిస్తే పొత్రం దిగి ఇటుక ఎక్కుతుంది. బుట్ట కిందికి దిగిందో, ఆవిడ పుల్ల పట్టుకుని విచారణ మొదలుపెట్టేది. "ఇవాళ్టి ముద్దాయి ఎవరు? ఇదిగో, తడి టీపొడి. చెత్తలో సగం బరువు నీళ్ళదేనండీ, నీళ్ళు మోయించడానికా ఆ చెత్తబండివాడు వచ్చేది?" ఆ తర్వాత టీపొడి ఎండి మొక్కల్లోకి వెళ్ళింది. తొక్కలన్నీ మేడమీద మట్టికుండలోకి వెళ్ళాయి. పాలు క్యానులో వచ్చాయి. చివరికి పేస్టు ట్యూబుని నిలువునా కోసి లోపల గీకితే, ఇంకా వారానికి సరిపడా పేస్టు ఉంది. వారం కాదు, మూడు రోజులకి. ఆ మూడు రోజులూ తక్కెడమ్మ గోదాము గేటు దగ్గర కూర్చున్నంత నిటారుగా నడిచింది.

ఇటుక దాటి సగం ఇటుకకి దిగిన రోజున బుట్ట ధడాలున కిందికి పోయింది. సరిగ్గా అప్పుడే పైవాటా టైలరమ్మ పంచదార అడగడానికి వచ్చింది.

"అయ్యో వదినా! రాయి బరువు తగ్గిందా, నీ బుట్ట పెరిగిందా? ఏమోనమ్మా, ఈ తూకాలు నీకు మొదట్నుంచీ కలిసిరాలేదు."

తక్కెడమ్మ పంచదార ఇచ్చి పంపింది. కానీ ఆవిడ మొహం గోదాము నుంచి చివరిసారి తిరిగొచ్చిన రోజులా అయిపోవడం తాళాలాయన చూశాడు. ఆ మొహాన్ని ఇంకోసారి చూడటం తన వల్ల కాదనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆవిడ పెరట్లో మొహం కడుక్కుంటుంటే, ఆయన బుట్టలోంచి రెండు గుప్పిళ్ళు తీసి ఒక గిన్నెలో కుక్కాడు. ఇంట్లో ఉన్నది నాలుగు గిన్నెల క్యారియర్. మూడింటిలో భోజనం సర్ది గట్టుమీద పెట్టేది తక్కెడమ్మ. నాలుగోది ఎప్పుడూ అటక మీదే ఉండేది. దాన్ని దించి సైకిలు వెనక దాచి, వీధిలోకి వచ్చాక క్యారియర్ అడుగున తగిలించాడు. బజారు చివర పెద్ద చెత్తకుండీలో గుట్టుగా వంచేశాడు. ఇంటి దగ్గర బుట్ట పైకి లేచింది. "గెలిచామండీ!" అంది ఆవిడ సాయంత్రం, చిన్నపిల్లలా.

అలా మొదలైంది. ఒక్కరోజు అనుకున్నది రోజూ అయింది. ఒకసారి కుండీ దగ్గర జనం ఉంటే వంచకుండానే దుకాణానికి తెచ్చేసి, మధ్యాహ్నం ఆకలి తొందరలో పైగిన్నె బదులు కింది గిన్నె తెరిచాడు. తాళం తెచ్చిన మనిషి అందులో నానిన కాగితాలూ ఉల్లిపొట్టూ చూసి, "ఇంట్లో గొడవా, మాస్టారూ?" అని పరామర్శించాడు. ముసలావిడకీ తెలిసిపోయింది. "చెత్తక్కూడా తాళం వేసుకునే రోజులొచ్చాయేంరా," అని నిట్టూర్చింది గానీ బయటపెట్టలేదు.

సగం ఇటుక పోయి గుప్పెడంత రాయి వచ్చింది. ఆ మాట వీధిలో పాకింది. ఆడవాళ్ళు వచ్చి తక్కెడ చూసి వెళ్ళేవాళ్ళు. తక్కెడమ్మ వాళ్ళకి మట్టికుండ చూపించేది, ట్యూబు కోసి చూపించేది. గోదాము విషయం వీధి మర్చిపోయింది. ఆవిడా మర్చిపోతోంది. ఆవిడ నవ్వుతున్నకొద్దీ తాళాలాయన కుడితిలో పడ్డ ఎలకలా అయిపోయాడు. చెబుదామంటే నోరు రాదు. మానేద్దామంటే బుట్ట దిగిపోతుంది.

చివరికి ఆడవాళ్ళందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. ఆదివారం పొద్దున అందరి బుట్టలూ వాకిట్లో తూచాలి. ఏ ఇంటి చెత్త ఎంతో తేలాలి. "ముందు నీదే తూచాలి వదినా," అంది టైలరమ్మ. "అందరి ముందూ."

"తూస్తాను," అంది తక్కెడమ్మ. "నా తక్కెడ అబద్ధం చెప్పదు."

పక్కనే కూర్చుని ఉన్న తాళాలాయన గుండెలో రాయి పడింది.

శనివారం ఆయన చెల్లెలు పిల్లలతో వచ్చింది. పుచ్చకాయలు కోశారు, మొక్కజొన్న పొత్తులు తిన్నారు, చీకటి పడేవేళకి వెళ్ళిపోయారు. మేడమీద కుండ అప్పటికే నిండిపోయింది. ఆదివారం పొద్దున బుట్ట నిండు నెలల మనిషిలా ఉంది. తక్కెడమ్మ తక్కెడని వాకిట్లో బట్టలారేసే ఇనుపకమ్మీకి కట్టిస్తోంది. ఆయన వంటింట్లో గిన్నెలు నింపాడు. ఒకటి చాలలేదు, రెండు చాలలేదు. నాలుగూ నిండాయి. మూతలు మోచేత్తో నొక్కి, కమ్మీ బిగించి, క్యారియర్ పట్టుకుని బయటికి వచ్చాడు.

వాకిలి దాటితేనే గేటు. వాకిలంతా కప్పల తక్కెడలా ఉంది. ఒకామె కూర్చుంటే ఇంకొకామె లేస్తోంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బుట్ట. ఆయన గోడవారగా, తేలుకుట్టిన దొంగలా నడిచాడు. గేటు నాలుగడుగుల దూరంలో ఉంది.

"అన్నయ్యా, ఆదివారం కూడా దుకాణమేనా?" టైలరమ్మ గొంతు.

"అర్జెంటు తాళం. ఎవరో ఇంటి బయట ఉండిపోయారట."

"పాపం. మరి క్యారియర్ ఎందుకూ?"

"ఆలస్యమైతే... భోజనం."

తక్కెడమ్మ ఇటు తిరిగింది. "భోజనమేంటండీ? నేనింకా పొయ్యే వెలిగించలేదు."

ఎవరిదో బుట్టలో కాగితం ఉండ ఒకటి విచ్చుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది.

"రాత్రిది," అన్నాడాయన. "మిగిలింది."

"రాత్రి మిగిలితే నాకు తెలీదా?"

దగ్గరికి వచ్చి క్యారియర్ చేతిలోకి తీసుకుంది. మూత తీయలేదు. ఊరికే పట్టుకుని ఒక్క క్షణం అలా ఉంది. ఆ చెయ్యి కొంచెం కిందికి దిగి, కొంచెం పైకి లేచి, ఆగిపోయింది. అన్నం బరువు ఆ చేతికి తెలుసు. ఇది అన్నం బరువు కాదు. ఆవిడ ఆయన కళ్ళలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. కోపం లేదు. లోపల కూర్చుని ఒక్కొక్క రోజునీ వెనక్కి తూచుకుంటున్నట్టుంది.

"వెళ్ళిరండి," అంది మెల్లగా, క్యారియర్ తిరిగి చేతికిస్తూ. "ఎవరో బయట నిలబడ్డారన్నారుగా."

వాకిట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తప్పించుకున్నట్టే. తాళాలాయన గేటు గడియ తీశాడు.

వెనక నుంచి టైలరమ్మ, "ఇంక ఎత్తు వదినా బుట్టని," అంటోంది.

తక్కెడ గొలుసుల చప్పుడు వినిపిస్తుందని ఆయన ఎదురుచూశాడు. వినిపించలేదు. వెనక్కి తిరిగి చూస్తే తక్కెడమ్మ బుట్ట పక్కనే నిలబడి ఉంది, చేతులు రెండూ చీర కుచ్చిళ్ళలో దాచుకుని. బుట్ట ఎత్తితే తేలిగ్గా లేస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. గోదాములో ఆవిడ వేయని దొంగతూకం ఇప్పుడు వేసినట్టవుతుంది, తెలిసి. వేయించింది ఎవరు? గేటు దగ్గర క్యారియర్ పట్టుకుని నిలబడ్డవాడు.

"ఆగు," అన్నాడు తాళాలాయన.

ఆయన గొంతు అంత గట్టిగా రావడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు. గబగబా వచ్చి, క్యారియర్ కమ్మీ విప్పి, నాలుగు గిన్నెలూ ఒకదాని తర్వాత ఒకటి బుట్టలో వంచాడు. పుచ్చతొక్కలు, పొత్తు బెండ్లు, తడిసిన కాగితాలు. తనే బుట్ట ఎత్తి పళ్ళెంలో పెట్టాడు. తక్కెడ దండె ఒక్కసారిగా వాలిపోయింది. ఎదుటి పళ్ళెంలోని రాయి ఎగిరి మేడమీద పడిందని చెప్పుకుంటారు. అంత కాదుగానీ, టైలరమ్మ మాత్రం వెనక్కి గెంతింది.

"ఓహో," అంది ఊపిరి పీల్చుకుని. "దొంగతూకం అంటే ఇదేనా?"

"ఇదేనమ్మా. వేసింది నేను. రోజూ వేశాను. ఆవిడకి ఇప్పటిదాకా తెలీదు. తెలిశాక బుట్ట మీద చెయ్యి వేసిందేమో నువ్వే చెప్పు."

టైలరమ్మ తన బుట్టని కాలితో వెనక్కి జరిపింది.

తక్కెడమ్మ అడిగింది: "ఎప్పట్నుంచి?"

"సగం ఇటుక నుంచి."

"అంటే నేను గెలిచింది ఇటుక దాకానే."

"ఇటుక దాకా నిజం. దాంట్లో నా చెయ్యి లేదు."

ఆవిడ లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంటుందేమోనని ఆయన రెండడుగులు వెనకే వెళ్ళాడు. వేసుకోలేదు. ఇటుక తెచ్చింది. బుట్ట లేవలేదు. మళ్ళీ వెళ్ళి పొత్రం పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చింది. సాయం చేయబోయిన మొగుడిని మోచేత్తో పక్కకి నెట్టింది. పొత్రం పెట్టాక బుట్ట కాస్త ఊగి, బొటనవేలంత పైకి లేచింది.

"మా ఇల్లు పొత్రమంత," అంది తక్కెడమ్మ వాకిట్లో అందరికీ వినిపించేలా. "ఉన్నది ఉన్నట్టు. ఇంక మీవి పెట్టండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వీధిలో ఒక్కొక్కరూ తమ బుట్ట వైపు చూసుకున్నారు. ఒకామె మాట్లాడకుండా ఇంటికి వెళ్ళి ఇంకో బుట్ట తెచ్చింది. ఒకామె కొడుకుని కేకేసి, "మంచం కింద మూట తేరా," అంది. టైలరమ్మ అందరికన్నా చివర మెట్లెక్కింది. దిగినప్పుడు ఆవిడ భుజాన పొట్టపగిలేలా గుడ్డపీలికలు కుక్కిన దిండుగలీబు ఉంది.

"ఇది చెత్త కాదు వదినా," అంది. "ఎప్పటికైనా పనికొస్తాయని."

"తక్కెడకి ఆ సంగతి చెప్పు," అంది తక్కెడమ్మ.

ఆ వీధి చెత్త తగ్గింది ఆ తర్వాతే. దిండుగలీబులోని పీలికలు సంచులయ్యాయి. వాటితోనే వీధి బజారుకి వెళ్తోంది. మేడమీద రెండో కుండ వచ్చింది. తక్కెడమ్మ మొగుడితో చాన్నాళ్ళు మాట్లాడలేదు. వడ్డించేది, మాట్లాడేది కాదు. పొద్దున ఆయన బయల్దేరేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర చెయ్యి చాపేది. ఆయన క్యారియర్ ఇస్తే ఒక్క క్షణం పట్టుకుని తిరిగిచ్చేది. ఒకరోజు అలా పట్టుకుని, "ఇవాళ కూర ఎక్కువ పెట్టాను, మిగల్చకండి," అంది. ఆయన దుకాణానికి వెళ్ళే దారంతా ఈల వేసుకుంటూ వెళ్ళాడు. ఇటుక పోయి సగం ఇటుక రావడానికి చాలాకాలం పట్టింది. ఈసారి దాంట్లో ఆయన చెయ్యి లేదు.

ఇదంతా రాసి, తప్పులుంటే దిద్దమని తక్కెడమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ చివరిదాకా వింది. ఈనెలు ఒక పక్కా గింజలు ఒక పక్కా వేసి, చేతులు దులుపుకుంది.

"ఒక్క ముక్క కూడా నిజం కాదు," అంది. "మా ఆయన ఈనెముక్క కూడా దాచే మనిషి కాదు. అసలు ఆ ఆదివారం మేం ఊళ్ళోనే లేం."