నలుపు ముందా, తెలుపు ముందా?

మా అత్తగారికి రాయి కనిపిస్తే చాలు, దాని వయసు తేల్చాలి. అల్లుడినైన నా పుట్టినరోజు ఆవిడకి ఏనాడూ గుర్తులేదు. వంటగట్టు మీది రాయికి మాత్రం రెండు వందల కోట్ల ఏళ్లని, దాని మీద ఉల్లిపాయ తరిగేటప్పుడు కాస్త మర్యాదగా తరగాలని చెబుతారు.

ముప్ఫై ఏళ్లు భూగర్భ శాస్త్రంలో కొండలెక్కి రిటైరైన ఆవిడకి మిగిలింది మా గుమ్మం ముందు మెట్టు ఒక్కటే. నల్లరాయి. దానికి అడ్డంగా వేలెడు వెడల్పున తెల్లచార. ఏది ముందు పుట్టింది? పాలాయనైనా, కొరియరతనైనా, పక్కింటి టీచరైనా దీనికి జవాబు చెప్పాకే కదలాలి.

నా ఓపిక అసలే అంతంతమాత్రం. మా పాపకి మూడేళ్లు నిండాయి, ఇంకా మాటలు రాలేదు. చెవులు బాగున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి, ఆగండి అన్నాడు డాక్టరు. ఆగడం చేతకాక రోజుకెన్ని మాటలో గ్రాఫు గీస్తున్నాను. గీత నేలని వదల్లేదు.

ఈ గోలలో అత్తగారు కొత్త వాదన ఎత్తుకున్నారు. తెలుపే ముందట. సైన్సు చదివిన నాకు ఒళ్లు మండింది.

"అత్తయ్యగారూ, గోడ ఉంటేనే కదా పగులొచ్చేది? నల్లరాయి పగిలాకే ఆ సందులో తెల్లది చేరింది. చూడండి, తెల్లదాంట్లో నల్ల ముక్కలు ఇరుక్కున్నాయి."

"అవి తర్వాత దూరాయిలే," అన్నారు తొణక్కుండా.

విడ్డూరం ఏమిటంటే, వచ్చినవాళ్లందరూ ఆవిడ పక్షమే. పాప మాత్రం తల అడ్డంగా ఊపుతూ నల్లరాయిని అరచేత్తో బాదేది. చెయ్యి కందిపోతుందని నేను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయేవాణ్ణి.

మొన్న వంటింటి పైపు పగిలింది. కారే చోట బొటనవేలు అదిమి నేను నిలబడితే, పిలిపించిన ప్లంబరు గుమ్మంలో తీరిగ్గా తెలుపుకి ఓటేస్తున్నాడు. పాప మెట్టుని బాదుతున్న చప్పుడు. నేను కదిలితే ఇల్లు చెరువు.

"తెలుపే ముందు," అన్నారు అత్తగారు.

"కాదు. నల్లది."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"రుజువేది?" ఈసారి అత్తగారు అడిగింది పాపని.

"తెల్లదాంట్లో నల్ల ముక్కలున్నాయ్."

పైపు వదిలేసి పరిగెత్తాను. తడిసి ముద్దై, నలుపే ముందని మీకు మొదటినుంచీ తెలుసు కదా అని అడిగాను.

"తెలియకేం బాబూ. నువ్వు ప్రతిసారీ దాన్ని ఎత్తుకుపోకుండా ఉంటే నెల కిందటే గెలిచేది."

ప్లంబరు సంచీ దించుతూ, "అయితే అమ్మగారూ, ఇక మేమంతా నలుపే అనొచ్చా?" అన్నాడు.

"అప్పుడే వద్దు," అన్నారు అత్తగారు. "ఇంకా రెండు ముక్కలేగా మాట్లాడింది."