రాస్‌కొండ మలుపు

వన్ టౌన్ మెకానిక్ జోజి మనుషులతో కన్నా ఇంజన్లతోనే దగ్గర. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని లోపలి జబ్బు చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం "ఊఁ" అంటే గొప్ప. అతని సొంత బండి యుద్ధకాలం నాటి మిలటరీ మోటారుసైకిలు. ఆదివారం రాస్‌కొండ మీది చర్చికి పోతుంటే, మలుపు దగ్గర ఇద్దరి బరువు లాగలేక ఆయాసపడేది. భార్య ఆరోగ్యమ్మ దిగేది. జోజి కూడా దిగి బండి తోస్తూ, వారం కబుర్లన్నీ ఆ వందగజాల్లోనే చెప్పేవాడు.

మెకానిక్కయ్యుండి బండి తోసుకెళ్లడమేటని వీధి నవ్వుతుంటే, ఎనభై మూడులో సిలిండరు లోపలి బోరు వెడల్పు చేసి, పాత కారుది పెద్ద పిస్టన్ బిగించాడు. రెండొందల యాభై సీసీ బండి మూడొందలు దాటింది. ఆ ఆదివారం మలుపుని లెక్కచెయ్యకుండా కొండెక్కేసింది. జోజి మీసం దువ్వి, "ఎలాగుంది?" అన్నాడు.

"బాగుంది. మరి కబుర్లెప్పుడు సెప్తావు?" అంది ఆరోగ్యమ్మ.

మరుసటి ఆదివారం సరిగ్గా మలుపు దగ్గర ఇంజన్ ఆగిపోయింది. "పెట్రోలు అందట్లేదేటో," అంటూ జోజి దిగాడు. కొండ మొదట్లోనే అతను వంగి పెట్రోలు ట్యాపు కట్టెయ్యడం వెనక సీటు మీంచి చూసిన ఆరోగ్యమ్మ, కొంగు సర్దుకుని దిగి, "సెప్పు మరి," అంది.